బోదకాలి గుడ్డ కింద

నేను ఒక కాలి కడియాన్ని. కడియమనగానే వెండీ, మువ్వలూ ఊహించుకుని ముచ్చటపడకండి. నల్ల ప్లాస్టిక్ పట్టీ, అగ్గిపెట్టెంత యంత్రం, ఒక బుల్లి దీపం, అంతే నా సింగారం. నన్ను తొడుక్కున్న మనిషి ఎక్కడున్నాడో పోలీసువారికి చెబుతూ ఉండటం నా ఉద్యోగం. వెళ్లకూడని చోటికి వెళితే గొంతు చించుకుని అరుస్తాను. నాకు వచ్చిన విద్య ఆ ఒక్కటే.

ఏదో కార్ఖానాలో నాలాంటివాళ్లతో పాటు పుట్టాను. ఒకే డబ్బాలో పక్కపక్కనే పడుకున్నా ఒకరితో ఒకరం మాట్లాడుకునే ఏర్పాటు మాకు లేదు. మా మాటలన్నీ ఎక్కడో ఉన్న కంట్రోల్ రూముతోనే.

నా వంతుకు వచ్చిన కాలు నూకరాజుది. పసిపిల్లల మీద ఘోరానికి ఒడిగట్టి జైలుకు వెళ్లిన మనిషి. శిక్ష ముగిసినా అతన్ని నమ్మలేమని కోర్టువారు కాపలా ఉన్న ఆస్పత్రిలో ఉంచి వైద్యం చేయించారు. నిఘా మధ్య బయట బతకవచ్చునని చివరికి డాక్టర్లు అన్నాక, నన్ను తొడిగి పంపారు. తొడిగినావిడ పర్యవేక్షణ అధికారి రూతమ్మ గారు.

“బడి దరిదాపులకి ఎల్లేవంటే ఇది అరుత్తాది. అరవకపోయినా ఒకటి గుర్తెట్టుకో నూకరాజూ. ఏ పిల్లతోనూ నువ్వొక్కడివీ ఉండకూడదు” అందావిడ. అతను తల ఊపాడట. దానికి నేను సాక్షిని కాను, నేనుండేది కాలి దగ్గర.

అతన్ని రమ్మన్నది చెల్లెలు సత్యవేణి ఒక్కతే. అతని కోసం ఊరు మారి, లాకులపేటలో కాలవగట్టున ఇల్లు అద్దెకు తీసుకుంది. ఇరుగుపొరుగుకు సంగతి చెప్పాలని రూతమ్మ గారు పట్టుబడితే, “నేనే చెబుతానండి” అని మాట కూడా ఇచ్చింది. తీరా పక్కింటి మంగతాయారు, ప్యాంటు కింద ఉబ్బెత్తుగా ఉన్న అతని కాలి వంక చూసేసరికి ఆ నోరు ఇంకోలా తిరిగింది.

“మా అన్నయ్యకి బోదకాలు వదినా” అనేసింది.

ఆ సాయంత్రమే పసుపూ వేపాకూ నూరి, పాత చీర చింపి, నా మీద మందంగా చుట్టేసింది. బోదకాలు తెలియని ఇల్లు ఆ పేటలో లేదు. కట్టు కట్టిన కాలును విప్పి చూపించమని అడిగేవాళ్లూ లేరు. ఒకామె ఉప్పు తగ్గించమంది. ఒకాయన పసరు తెచ్చి ఇచ్చాడు. ఊళ్లో మాత్రలు పంచే నర్సమ్మ తన ఎదుటే మింగించింది, లేని జబ్బుకు అతను బుద్ధిగా మింగాడు. నాకు ఛార్జింగు పెట్టడానికి గోడవార కాలు చాపుకుని కూర్చుంటే, కరెంటు కాపడం పెట్టుకుంటున్నాడని జాలిపడ్డారు. గుడ్డ కింద నాకు నవ్వాగేది కాదు.

కానీ తోడు లేని నవ్వు ఎంతసేపు? చుట్టూ చీకటి, పసుపు వాసన, పక్కన కొట్టుకునే అతని నరం. సొంత చెల్లెలు కూడా కట్టు కట్టేటప్పుడు తప్ప అతన్ని తాకేది కాదు. అతనికి నేను, నాకు అతను. అలాగని ప్రేమ పుట్టిందనుకోకండి. ఆ పిల్లల తరఫున క్షమించడానికి నేనెవర్ని?

జాలి ముదిరితే నమ్మకమవుతుందని నాకు తెలియదు. మంగతాయారు రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. ఒకరోజు పొద్దున్న ఆమె అత్తగారు ఊరెళ్లారు, సత్యవేణి బజారుకెళ్లింది, షెడ్డు వ్యాను వచ్చి హారను మీద హారను కొడుతోంది. మంగతాయారు తన కూతురు లాస్యను తెచ్చి మా అరుగు మీద కూర్చోబెట్టింది.

“అన్నయ్యగారూ, వదినొచ్చీదాకా కూసింత సూత్తా ఉండండి. మీరెలాగూ కదల్లేరు కదా!”

“వద్దమ్మా, ఆగమ్మా” అని అతను లేచేలోపు వ్యాను కదిలిపోయింది.

నేనేం చేశానో తెలుసా? పచ్చదీపం వెలిగించుకుని ఊరుకున్నాను. నా లెక్కలో అతను ఇంట్లోనే ఉన్నాడు, ఇంట్లో ఉంటే మంచివాడే. బడి చుట్టూ గీత ఎక్కడుందో నాకు నేర్పారు. పిల్ల తానే వచ్చి అరుగు మీద కూర్చుంటుందని ఎవరూ నేర్పలేదు. అరవాలని ప్రాణం కొట్టుకుంది, గీత దాటనిదే నాకు గొంతు రాదు. అతని నరం గబగబా కొట్టుకోసాగింది. అది భయమో, పాత బుద్ధో నాకు తెలియదు. ఆ క్షణంలో నాకంటే దిక్కులేని వస్తువు ఆ పేటలో లేదు.

అతను పిల్ల వైపు వెళ్లలేదు. రెండో పక్క నుంచి అరుగు దిగి, గేటు బయట గొళ్లెం పెట్టి, పేట చివరనున్న బడి వైపు నడిచాడు. పరుగులాంటి నడక. గీత దాటగానే నేను అరిచాను. నా బతుకులో అంత సంతోషంగా ఎప్పుడూ అరవలేదు.

టీచరమ్మలు బయటికి వచ్చారు. అతను వంగి, నా మీది గుడ్డను లాగేశాడు.

“నాది బోదకాలు కాదండి, ఇదండి. మా అరుగు మీద పసిపిల్ల ఒక్కత్తే ఉందండి. ఎవరైనా ఆడమనిషిని పంపండి. నన్ను మాత్రం ఎనక్కి ఎల్లనివ్వకండి.”

కబురందుకుని మంగతాయారు రొయ్యల వాసనతోనే పరుగెత్తుకొచ్చింది. ఒక టీచరమ్మ వెళ్లి బడికి ఎత్తుకొచ్చిన పిల్లను గుండెకు అదుముకుంది. అతని వంక చూడనైనా చూడలేదు. అడిగింది బజారు నుంచి అటే వచ్చిన సత్యవేణినే.

“ముందే సెప్తే నీ సొమ్మేం పోయేది వదినా? నా పిల్లని నా సేతుల్తోనే ఒప్పజెప్పించేవు కదా!”

సత్యవేణి పసుపు గుడ్డను మడత పెడుతూ, విప్పుతూ నిలబడిపోయింది.

“నన్ను మళ్లీ ఆ ఆస్పత్రి లోపలే ఉంచేయండమ్మా” అన్నాడు నూకరాజు రూతమ్మ గారితో. నన్ను కోసి తీశారు. విచారణలో కంప్యూటర్లోంచి నా వాంగ్మూలం చదివారట. అరుగు మీద పిల్ల పక్కన అతను ఉన్నంతసేపూ ‘సక్రమం’ అని ఉందట. బడి ముందు నిలబడ్డప్పుడు ‘ఉల్లంఘన’. మిగతాదంతా రూతమ్మ గారే నోటితో చెప్పవలసి వచ్చింది.

ఇప్పుడు నేను ఆఫీసు బీరువా సొరుగులో ఉన్నాను. కొత్త పట్టీ వేశారు. సందుల్లో ఇరుక్కున్న పసుపును గీకి చూశారు, పోలేదు. రేపో మాపో ఇంకో కాలికి ఎక్కిస్తారు. ఆ కాలు మీ పక్కింటికే రావచ్చు. దాని మీద గుడ్డ చుట్టి కనిపిస్తే, అయ్యోపాపం అనే ముందు ఏమిటని ఒక్కసారి అడగండి. లోపల నేనుంటాను, పచ్చదీపం వెలిగించుకుని, నోరు లేకుండా.