మైనం పళ్ళు

మా అక్క నాకు పెట్టిన పేరు ఆరంభశూరుడు. పెట్టినప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఇప్పుడు నలభై నాలుగు. ఆ పేరు మాత్రం చెక్కుచెదరలేదు. నమ్మకపోతే మా ఇంటికొచ్చి చూడండి. ముందుగది గోడలు నా భుజం ఎత్తు దాకా నీలం, ఆ పైన పాత సున్నం. బాల్కనీలో చెయిన్ లేని సైకిలు. అలమరలో నేను ప్లాస్టరుతో చెక్కిన చదరంగం బంట్లు పదహారు, ఒక ఏనుగు, సగం గుర్రం. ఆ సగం గుర్రం కంటబడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. దాన్ని పారేద్దామని సంచిలో వేసి, ఆ సంచిని కూడా అక్కడే వదిలేశాను.

ఇదంతా నా గోల, నా చావు నేను చస్తున్నాను, మధ్యలో ఎవరికీ నష్టం లేదు కదా అనుకునేవాణ్ణి. అమ్మ పళ్ళ దగ్గరికి వచ్చేదాకా అలాగే అనుకున్నాను.

నేను పళ్ళు కడతాను. డాక్టర్ని కాను. డాక్టర్లు నోటి కొలత తీసి పంపిస్తే, ల్యాబ్‌లో కూర్చుని కట్టుడుపళ్ళు తయారుచేసే మనిషిని. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. జనం ముఖాలు నాకు తెలియవు, నోళ్ళు తెలుసు. ల్యాబ్‌లో నేను సగంలో ఆపిన పని ఒక్కటి లేదు. పెట్టె మీద స్లిప్పు ఉంటుంది, స్లిప్పు మీద నంబరూ తారీకూ ఉంటాయి. ఆ తారీకుకి పళ్ళు గుమ్మం దాటాల్సిందే, దాటుతాయి. మా ఓనర్ని అందరం పెద్దాయన అంటాం. కొత్తగా చేరినవాళ్ళకి ఆయన నన్ను చూపించి, ఈయన్ని చూసి నేర్చుకోండి అంటాడు. ఈ సంగతి చెబితే మా అక్క పడీ పడీ నవ్వింది.

అమ్మ ముప్పై ఏళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుంది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఎంత ఆలస్యమో ఊరందరికీ చెప్పిన గొంతు ఆమెది. ఆమెతోపాటు అదే గదిలో డ్యూటీ చేసిన స్నేహితురాలిని నేను పిన్ని అంటాను. పిన్నికి చూపు పోయాక, రోజూ మధ్యాహ్నం అమ్మ ఫోనులో ఆవిడకి పేపరు చదివి వినిపించేది. మొదటి పేజీ నుంచి వాతావరణం దాకా, మధ్యలో ఇద్దరి తిట్లతో సహా. అమ్మకి పళ్ళన్నీ తీసేశాక ఆ చదువు ఆగిపోయింది. నోట్లోంచి గాలి వస్తోంది తప్ప మాట రావడం లేదు. పిన్ని పాపం ఏమీ అనలేదు, ఏంటే, ఏంటే అని రెండు మూడుసార్లు అడిగింది, అంతే. అమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఫోను మోగితే బాత్రూంలోకి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది.

డాక్టరు దగ్గరికి తీసుకెళతానంది అక్క. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఇంట్లో నేనుండగా ఎవడో వచ్చి మా అమ్మకి పళ్ళు కట్టడమేంటి? నేనే కడతానన్నాను. అక్క నన్ను ఎగాదిగా చూసి, అయినట్టే అంది. అమ్మ నన్ను వెనకేసుకొచ్చింది. వాడు చేస్తాడులేవే, వాడి పనే అది కదా అంది.

మూడు ఆదివారాలు. నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడున్నానో గుర్తులేదు. వంటింట్లో కుర్చీ వేసి అమ్మని కూర్చోబెట్టి కొలత నేనే తీశాను. అంగిట్లో నడిమధ్య చిన్న గింజంత ఎముక బొడిపె, ఎడమవైపు చిగురు మీద ఒక నొక్కు. నేను పుట్టినప్పటి నుంచి నాతో మాట్లాడిన నోరు లోపల ఎలా ఉంటుందో అప్పుడే చూశాను. మైకు ముందు కూర్చున్న ఆమె పాత ఫోటో ఒకటి బల్ల మీద పెట్టుకుని, ముందు పళ్ళ మధ్య అదే సన్నటి సందు, పక్క పన్నుకి అదే కాస్త వంకర, ఆ వయసుకి ఉండాల్సిన రంగు, అన్నీ దించాను. అన్నం నీళ్ళు గుర్తురాలేదు.

పళ్ళని ముందు గులాబీరంగు మైనంలో నిలబెడతాం. చూడ్డానికి అచ్చం తయారైన సెట్టులాగే ఉంటుంది. కానీ అది నోట్లో పెట్టి చూసుకోవడానికే. నాలుగు మాటలు ఆడొచ్చు, ఒకసారి నవ్వొచ్చు. కాసేపుంటే నోటి వేడికి మెత్తబడుతుంది, కొరికితే పన్ను ఊడి చేతిలోకి వస్తుంది. అమ్మ వాటిని పెట్టుకుని అద్దంలో చాలాసేపు చూసుకుంది. తర్వాత గొంతు సవరించుకుని, "ప్రయాణికులకు విజ్ఞప్తి," అంది. అదే గొంతు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మ నా తల నిమిరింది.

సరిగ్గా అప్పుడే నాలో ఏదో చల్లారిపోయింది. చూడాలనుకున్నది చూసేశాను. ఇక మిగిలింది చాకిరీ. మైనాన్ని ప్లాస్టరులో పూడ్చడం, వేడినీళ్ళలో కరిగించడం, గట్టి పదార్థం నింపి ఉడకబెట్టడం, అరగదీయడం, మెరుగు పెట్టడం. వారానికి ముప్పై చేస్తాను అలాంటివి, కళ్ళు మూసుకుని చేస్తాను. అమ్మది ముప్పై ఒకటోది. రెండు రోజుల పని. ఆ రెండు రోజులు నాకు దొరకలేదు.

వచ్చే ఆదివారం అన్నాను. మంచి రకం పదార్థం తెప్పిస్తున్నానన్నాను. నడుం నొప్పి అన్నాను, అది నిజమే కానీ నడుంతో చేసే పని కాదది. మైనం సెట్టుని అమ్మ ఒక మూత డబ్బాలో నీళ్ళు పోసి ఫ్రిజ్‌లో పెట్టింది. రోజూ పొద్దున్నే ఆ నీళ్ళు మార్చేది. ఎవరైనా వస్తే తీసి పెట్టుకుని, పది నిమిషాలు కూర్చుని, వాళ్ళు తినడానికేమైనా తెస్తే ఇప్పుడే తిన్నానని చెప్పి, వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ డబ్బాలో వేసేది. నేను ఫ్రిజ్ తలుపు తీయడం మానేశాను. మంచినీళ్ళు కుండలోవి తాగేవాణ్ణి. అమ్మ అడిగి ఉంటే విసుక్కునేవాణ్ణేమో, ఆ విసుగులో అయినా చేసేవాణ్ణేమో. ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. ఫోను మోగుతూనే ఉండేది. కొన్నాళ్ళకి అదీ మోగడం మానేసింది. అలా పద్నాలుగు నెలలు.

పద్నాలుగో నెలలో ఒక సోమవారం నా బల్ల మీదికి ఆరు పెట్టెలొచ్చాయి. మూడో పెట్టె మీద స్లిప్పులో నంబరు, స్త్రీ, డెబ్బై ఒకటి అని ఉంది. పేర్లు మాకు రాయరు. కొలతలో ప్లాస్టరు పోసి, ఆరాక అచ్చు బయటికి తీశాను. అంగిట్లో నడిమధ్య గింజంత బొడిపె. ఎడమవైపు నొక్కు.

సొరుగు అడుగున ఉన్న నా పాత అచ్చు తీసి పక్కన పెట్టాను. అనుమానం లేదు. తేడా అల్లా ఒకటే, ఈ పద్నాలుగు నెలల్లో చిగురు బియ్యపుగింజ మందం అరిగిపోయింది. అంటే ఫ్రిజ్‌లో ఉన్నవి ఇక ఎవరి నోటికీ పట్టవు.

స్లిప్పు కింద డాక్టరు రెండు ముక్కలు రాశాడు. 'అందం అక్కర్లేదట. ఫోనులో మాట తెలిస్తే చాలట.'

రెండు అచ్చుల్నీ మార్చి మార్చి తిప్పి చూశాను. పెద్దాయన వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉంది సార్ అని పని మొదలుపెట్టాను. ఆ పెట్టె డాక్టరు దగ్గరికీ నా దగ్గరికీ నాలుగుసార్లు తిరిగింది. సందు పెట్టలేదు, వంకర పెట్టలేదు, అందరికీ పెట్టే పళ్ళే వరసగా పెట్టాను. పూడ్చాను, కరిగించాను, ఉడకబెట్టాను, అరగదీశాను, మెరుగు పెట్టాను. పద్దెనిమిదో రోజున, స్లిప్పు మీద ఉన్న తారీకుకి, నా చేత్తో పెట్టెలో సర్ది పంపించాను. ఒక్క పూట ఆలస్యం కాలేదు.

ఇంట్లో అమ్మ చెబుతుందేమోనని చూశాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది అక్కే అయ్యుంటుంది, ఆమె అయినా దెప్పుతుందేమో అనుకున్నాను. ఇద్దరూ నోరు మెదపలేదు. రాత్రి భోజనంలో అమ్మ ఎప్పటిలాగే పాలల్లో నానబెట్టిన రొట్టె చిగుళ్ళతో నలుపుకుంటోంది. పళ్ళు సరిపడలేదేమో, ఎక్కడైనా ఒరుసుకుంటున్నాయేమో అని వారం రోజులు నాలో నేనే కొట్టుకున్నాను.

ఆ తర్వాత ఒకరోజు పని త్వరగా తెమిలి నాలుగింటికే ఇంటికొచ్చాను. మాది మూడో అంతస్తు. రెండో అంతస్తులో ఉండగానే వినిపించింది. అమ్మ పిన్నికి పేపరు చదువుతోంది. ఒక్క అక్షరం జారడం లేదు. మధ్యలో ఎవరినో తిట్టింది, మళ్ళీ చదివింది. మెట్ల మీదే కూలబడి వాతావరణం దాకా విన్నాను. నా పళ్ళే అవి. అంత బాగా పలికిస్తున్నాయి.

లేచి వెళ్ళి తాళం తిప్పాను. లోపల మాట టక్కున ఆగింది. తలుపు తీసేసరికి అమ్మ గోడవైపు తిరిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని నోట్లోంచి తీసి దేన్నో దిండు కింద దాచింది. ఇటు తిరిగింది. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. వచ్చావా నాన్నా అన్న మాట సగం గాలిలోనే పోయింది.

నన్ను నొప్పించకూడదని. అర్థమైందా? కొడుకు చిన్నబుచ్చుకుంటాడని, వాడు కట్టిన పళ్ళే వాడి ముందు తీసి దాస్తోంది.

చెప్పేద్దామనే పక్కన కూర్చున్నాను. అమ్మా, నీతో ఒక మాట చెప్పాలి అన్నాను. ఆమె కంగారుపడింది. నా చెయ్యి పట్టుకుని, గాలి మాటలతోనే, ఒక్కో ముక్కా కూడదీసుకుంటూ అంది.

"తొందరేం లేదురా. నాకు నువ్వు చేసినవే కావాలి. ఎన్నాళ్ళకైనా సరే, అవే పెట్టుకుంటాను."

అవి నేను చేసినవేనమ్మా అంటే, మరి ఒక నంబరుకి పద్దెనిమిది రోజుల్లో ఎలా చేశావు, నాకెందుకు చేయలేకపోయావు అని ఆమె అడగదు. అడగదు గానీ ఆమెకి తెలిసిపోతుంది. నాకు తెలిసిందే చాలు.

"వచ్చే ఆదివారం పూర్తి చేసేస్తానమ్మా," అన్నాను.

అమ్మ తల ఊపింది. లేచి వెళ్ళి ఫ్రిజ్ తీసి, డబ్బాలో నీళ్ళు మార్చింది.

ఇప్పుడు పని త్వరగా ముగించుకుని రోజూ నాలుగింటికే వస్తున్నాను. రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుని వాతావరణం దాకా వింటాను. తర్వాత తాళాల గుత్తి బయటికి తీసి, గట్టిగా చప్పుడు చేసుకుంటూ, ఒక్కో మెట్టూ నెమ్మదిగా ఎక్కుతాను. అమ్మకి పళ్ళు తీసి దాచుకోవడానికి టైము కావాలి కదా.