ఏరు దాటారు

పాత కాగితాల మూడో కట్ట విప్పి, పురికొసను సిరా మరకల చూపుడువేలికి చుట్టుకుంటూ ఆయన భూతద్దం తుడుచుకున్నాడు. చరిత్ర పరిశోధనాలయంలో పొరుగుదేశపు భాష వచ్చింది ఆయనొక్కడికే. అందుకే అందరూ ‘పొరుగింటాయన’ అంటారు. “సొంతింట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో తెలీదుగానీ, పొరుగింటి గొడవలన్నీ కావాలి ఈయనకి,” అంటుంది భార్య. ముప్ఫై నాలుగేళ్లుగా ఆ దేశపు పాత రాతల్ని అనువదిస్తూనే ఉన్నాడు.

ఆ రోజు పని చిన్నదే. ప్రొఫెసరమ్మ పుస్తకం సాయంత్రం అచ్చుకి వెళ్తుంది. అందులో ఉటంకించిన వాక్యాల్ని మూలంతో సరిచూడాలి. నాలుగో అధ్యాయం దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. ‘వాళ్లు దండెత్తి వచ్చారు. వీళ్లు జైత్రయాత్ర సాగించారు.’ వాళ్లంటే పొరుగుదేశపు సేన, వీళ్లంటే మన సేన. పొరుగుదేశపు రాతగాడే మన గొప్పతనం ఒప్పుకున్నాడని అధ్యాయమంతా ఆ రెండు వాక్యాల మీదే కట్టిందావిడ. మూలంలో రెండుచోట్లా ఉన్నది ఒకటే మాట. ఏరు దాటారు.

తనకన్నా ముందు ఎవరైనా చేసిన అనువాదమేమో అని, అనువాదాలు రాసిపెట్టే పాత కార్డు తీశాడు. కింద తన సంతకమే ఉంది. ఉద్యోగంలో చేరిన ఏడు చేసింది. ఎవరూ చెప్పలేదు, బలవంతపెట్టలేదు. కలం తనంతట తానే మనవైపు ఒరిగింది. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. దాచేస్తే అడిగేవాళ్లు లేరు, ఆ భాష ఇంకెవరికీ రాదు. ఆ సంగతే ఆయన్ని కుర్చీలోంచి లేపి ప్రొఫెసరమ్మ గదికి నడిపించింది.

“తప్పు నాదేనమ్మా. ఆ రాతగాడు ఎవర్నీ తిట్టలేదు, ఎవర్నీ పొగడలేదు. రంగంతా నేను పులిమిందే.”

ప్రొఫెసరమ్మ తల పట్టుకుంది. “ఇప్పుడా సార్ చెప్పేది? అధ్యాయమంతా దీనిమీదే నిలబడింది! ఇన్నేళ్లుగా అందరూ మీ అనువాదాన్నే నమ్ముకున్నారు. మీ పేరేం కాను?”

“నాకు పేరెక్కడిదమ్మా, పొరుగింటాయన్ని. పొరుగింటి మాట ఉన్నదున్నట్టు చెప్పకపోతే ఇక నేనెందుకు?”

ఆవిడ అచ్చుప్రతిలోంచి నాలుగో అధ్యాయాన్ని విడిగా తీసి పక్కన పెట్టింది. తర్వాత ప్రెస్సుకి ఫోన్ చేసింది. “నాలుగో అధ్యాయం ఆపండి. తిరగరాస్తున్నాను.” పట్టుమని వందమంది చదవని పుస్తకం కోసం పరువు వదులుకున్న మనిషి, పొరుగింటాయన తప్ప, ఆ భవనంలో ఇంకొకరు లేరు.

సాయంత్రం ఆయన కార్డు మీద రెండు చోట్లా కొట్టేసి, పైన ‘ఏరు దాటారు’ అని రెండుసార్లు గుండ్రంగా రాశాడు. తారీఖు వేసి సంతకం పెట్టాడు. కాస్త ఆయాసంగా అనిపించి బల్లమీద తల వాల్చాడు.

గదులు తాళం వేసే అటెండరు వచ్చి, “సార్, టైమైంది, లేవండి,” అని రెండుసార్లు పిలిచాడు. భుజం తట్టి చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కార్డు మీద భూతద్దం అలాగే ఉంది. దాని కింద ‘దాటారు’ అన్న మాట పెద్దదై కనబడుతోంది.