ఆవిరి రాసిన పాఠం

"చాయ్ మీద లేచే ఆవిరిని ఎప్పుడైనా చదివారా, పిల్లలూ?" అని అడిగింది నానమ్మ. లేదని తలలు ఊగాయి. అయితే వినండి అంది.

తొంభైల మొదట్లో మస్కట్‌లోని మత్రా పేటలో రాజేశ్వరి అనే ఆవిడ శుక్రవారాల్లో ఇంట్లోనే పిల్లలకు తెలుగు నేర్పేది. తనది జగిత్యాలే అయినా, పుస్తకంలో లేని మాట పలకనిచ్చేది కాదు. "గట్లనా?" అన్నాడని జితేందర్‌ను వారం వారం గోడకు తిప్పి నిలబెట్టేది.

ఇంతలో ఎదురింట్లో ఒక చైనా కంపెనీ ఉచితంగా చైనీస్ క్లాసు పెట్టింది. టీచర్ పేరు లిన్. ఆమె చాయ్ ఫ్లాస్కు మూత తీస్తే చాలు, ఆవిరి గాల్లో చైనా అక్షరాలు రాసేది. "ఫ్యాన్ ఆపండి, పాఠం చెదిరిపోతుంది" అనేవాళ్లు తల్లులు, అంతే. రాసేవన్నీ పైనుంచి పంపిన పుస్తకంలోని మాటలే: ఆనకట్ట, కర్మాగారం, స్నేహం. పాత పల్లెపాటలు చెప్పొద్దని కంపెనీ పెద్దల ఆజ్ఞ. ఆ సంగతి లిన్ వచ్చీరాని హిందీలో రాజేశ్వరితోనే చెప్పుకుంది.

మొదట జితేందర్, తర్వాత ఒక్కొక్కరూ ఎదురింటికి జారుకున్నారు. రుబీనా ఒక్కతే మిగిలింది.

"నువ్వు పోలేదేమే?"

"ఆడ చాయ్ ఇస్తరు టీచర్. తాగితే నల్లగైతనని అమ్మీ పోనిస్తలేదు."

రాజేశ్వరికి కడుపు మండిపోయింది. కంపెనీ పెద్దమనిషి తనిఖీకి వచ్చిన రోజు తనూ వెళ్లి ముందు వరుసలో కూర్చుంది. హిందీలో తీయగా అడిగింది: "లిన్ జీ, మీ అమ్మ మిమ్మల్ని ఏ పాట పాడి నిద్రపుచ్చేది?"

లిన్ బదులు ఆవిరే ఆ పాత పల్లెపాటంతా రాసింది. పెద్దమనిషి చివరిదాకా చదివి, ఫ్లాస్కు మూత బిగించాడు.

వారం తిరక్కుండా లిన్‌ను స్వదేశానికి పంపేశారు. పోతూ ఫ్లాస్కు రాజేశ్వరి చేతిలో పెట్టింది. "మీరు అడగబట్టే ఆ పాట మళ్లీ చూశాను దీదీ" అంది. ఆ మాటలో కోపం లేదు. అందుకే రాజేశ్వరికి ఇంకా మండింది.

క్లాసు మూతపడి పిల్లలంతా తిరిగొచ్చారు. జితేందర్ అలవాటుగా గోడకు తిరిగి నిలబడ్డాడు. ఇక తనదే పైచేయి అనుకుని రాజేశ్వరి ఆ ఫ్లాస్కులో చాయ్ పోసి మూత తీసింది. ఆవిరి తెలుగులో రాసింది:

"గట్ల ఏడ్వకు బిడ్డా, అయ్య వస్తడు."

తల్లి తనను ఒళ్లో పడుకోబెట్టుకుని పాడిన పాట. ఎన్నేళ్లయిందో ఆమె దాన్ని తలచుకుని.

"ఫ్యాన్ ఆపు రుబీనా" అంది మెల్లగా. "జితేందర్, ఇటు తిరుగు. ఇది నువ్వు చదువు."

వాడు చదివాడు. ఆ గోడకు మళ్లీ ఎవరూ తిరగలేదు.

"చాలు ఇవ్వాళ్టికి" అంటూ లేచింది నానమ్మ. "చాటలో బియ్యం సగమే ఏరాను."