తలకిందుల గొట్టాలు

అలోయిస్ కిండర్ రేకు గొట్టం అంచు మడిచి, కొయ్యసుత్తితో నాలుగు దెబ్బలు వేసి, వేలితో తడిమి చూసుకున్నాడు. ఆ వేలికి గోరు లేదు. అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున మా రేవులో ఇరవయ్యేళ్లుగా అతనిది రేకుపనే. చేపలను గడ్డకట్టించే గదులకు, మంచూ ఉప్పూ కలిపి నింపే గొట్టాలు చేస్తాడు. పదింటికి కోర్టు ఉన్నా, చేతిలో పని ముగిశాకే లేచాడు.

తగాదా ఆ గొట్టాల మీదే. పైన సన్నగా, అడుగున వెడల్పుగా ఉండే గొట్టాలతో గది కట్టడం తమ ఆలోచనేనని పట్నపు కంపెనీ ఒకటి 1877లో పేటెంటు పుచ్చుకుంది. ఇప్పుడు, ఆరేళ్ల తర్వాత, రేవులో గదులన్నీ పీకెయ్యాలని దావా వేసింది. గదులు పోతే రేవు పస్తే. అలోయిస్‌కి అంతకన్నా పెద్ద బాధ ఉంది. దావాలో అతన్ని దొంగ అని రాశారు.

అతను ఆ గది 1874లోనే కట్టాడు. కాగితం లేదు. ఉన్న రుజువు చెప్పడానికి చచ్చేంత సిగ్గు. చేపల వర్తకుడు యోస్ట్ బ్రెమర్ దారి పొడుగునా బతిమాలినా, అది కోర్టులో చెప్పనన్నాడు.

బోనెక్కి 1874లోనే కట్టానని చెప్తే, తొమ్మిదేళ్ల నాటి ముచ్చట అంత కచ్చితంగా ఎలా గుర్తుందని కంపెనీ వకీలు నవ్వుతూ అడిగాడు. అలోయిస్ అరచేతులు తొడలకు తుడుచుకున్నాడు.

"ఆ సంవత్సరం గొట్టాలు తలకిందులుగా బిగించానండి. వెడల్పు పైకి, సన్నం కిందికి. మంచు మధ్యలో ఇరుక్కుని దిగలేదు. ఈస్టరు ముందు ఉపవాసాలకని దాచిన తెల్లచేప మూడు బండ్లు కుళ్లింది. చర్చి కొత్త గంటని దీవించడానికి వచ్చిన బిషప్పుగారు ముక్కు మూసుకునే మంత్రం చదివారు. వారంలో తిప్పి బిగించాను. ఆ గంట మీద 1874 అని పోతపోసి ఉంది, చూసుకోండి."

నా వెనక బల్ల మీంచి ఓ ముసలమ్మ లేచింది. "ఆ చేప నేనూ కొన్నాను దొరగారూ. తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుద్ది."

జడ్జి కూడా నవ్వాడు. తర్వాత సాక్షులు క్యూ కట్టారు. తొమ్మిదేళ్లుగా అతన్ని 'తలకిందుల అలోయిస్' అని ఏడిపించిన నోళ్లే అవన్నీ. మా ఊరివాళ్ల నోటికి నేనెప్పుడూ దండం పెట్టలేదు గానీ, ఆ రోజు పెట్టాను.

బంట్రోతు చర్చికెళ్లి గంట చూసి వచ్చాడు. ఆ గది పేటెంటు కన్నా ముందే రేవులో ఉందనీ, కాబట్టి పేటెంటు చెల్లదనీ, కిండర్ దొంగ కాడనీ మధ్యాహ్నానికి తీర్పు చెప్పారు. జాలర్లు అతన్ని భుజాల మీద దుకాణందాకా మోశారు. అంత ఎత్తున కూర్చుని అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది.

యోస్ట్ బీరు తెచ్చాడు.

"అక్కడ పెట్టవయ్యా, కాస్త కూర్చోనీ," అని అలోయిస్ నవ్వుతూ గోడకు చేరగిలబడ్డాడు. వీధిలో పాటలు జోరందుకున్నాయి. అతని భార్య వాల్‌బుర్గ భుజం తట్టి పిలిచింది. మళ్లీ పిలిచింది. ఊపిరి ఆగిపోయింది గానీ, అతని మొహంలో నవ్వు అలాగే ఉంది.

బల్ల మీద బీరు మగ్గు అంచుదాకా నిండుగా ఉంది, నురగ ఇంకా అణగలేదు.