ఈల వినిపించని చెట్లు

మామగారికి ఆ ఇంట్లో చెట్ల డాక్టరని పేరు. పెట్టింది ఎవరో కాదు, ఆయన భార్యే. "అడవిలో చెట్టుకి పడిశం పడితే ఇక్కణ్ణుంచే పసిగట్టేస్తారు మహానుభావుడు. పక్కన నేను జ్వరంతో కాగిపోతున్నా చూడరు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పుకునేది ఆవిడ. "చెట్టుకి నోరు లేదు కదే, అందుకని చూడాలి. నీకేం, చూడక్కర్లేదు, వింటే చాలు" అనేవాడు ఆయన. ఆ మాటకి ఆవిడ గరిట ఎత్తేది, ఆయన చెప్పులేసుకుని అడవి ఆఫీసుకి జారుకునేవాడు.

కోడలు అదే ఆఫీసులో మొక్కల పెంపకంలో పనిచేసేది. ఆమె భర్త రైలింజను నడుపుతాడు, ఇంట్లో కన్నా పట్టాల మీదే ఎక్కువ ఉంటాడు. చెట్ల జబ్బులు పట్టే పనికి మామగారి తర్వాత ఎవరూ లేరని పైవాళ్లు ఒకనాటికి కళ్లు తెరిచి, ఈమెను ఆయన దగ్గర నేర్చుకోమన్నారు. ఇంట్లో మామగారు, పనిలో గురువు! అబ్బో, ఇక ఊపిరాడదని భయపడింది పాపం. తీరా చూస్తే ఇంట్లో నోరు మెదపని మనిషి అడవిలో గలగలా మాట్లాడతాడు.

మొదట్లో ఆమెకు తొందర ఎక్కువ. రెండు ఆకులు పసుపెక్కితే చాలు, పుస్తకంలో చదివిన జబ్బు పేరు టక్కున చెప్పేసేది. ఒకసారి ఆఫీసు పెరట్లో ఓ చెట్టు నిలువునా ఎండిపోతుంటే, వేళ్లు కుళ్లే ఘోరమైన రోగమేదో పట్టిందని, మిగతావాటికి అంటుకోకముందే కొట్టేయాలని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆయన వంగి గుప్పెడు మట్టి తీసి వాసన చూసి, ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. గుప్పుమని డీజిలు కంపు. జీపు డ్రైవరు పాత నూనె రోజూ తెచ్చి ఆ చెట్టు మొదట్లోనే పారబోస్తున్నాడు.

"ఈ జబ్బు పేరు డ్రైవరు" అన్నాడు మామగారు. "అమ్మాయ్, ముందే పేరు చెప్పకు. పేరు చెప్పేశాక కన్ను చూడ్డం మానేస్తుంది. ముందు పక్క చెట్టుని చూడు, దాని పక్కదాన్ని చూడు. ఒక్క జాతికే వచ్చిందా, అన్నిటికీనా? పైనుంచి దిగుతోందా, కిందనుంచి ఎక్కుతోందా? అన్నీ అయ్యాక పేరు. అదెక్కడికీ పారిపోదు."

ఆయన పద్ధతి ఒకటుండేది. ఎడమచేత్తో కత్తి పట్టి జబ్బు చెట్టు బెరడుకి చిన్న గాటు పెట్టి, పొర ఎత్తి చూస్తాడు. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమరంగు చార కనిపిస్తే జబ్బు దిగినట్టు. తర్వాత పోలిక కోసం పక్కనున్న మంచి చెట్టుకీ ఓ గాటు. రెండింటి మధ్యా కత్తిని స్పిరిట్ గుడ్డతో తుడిచి, అది ఆరేదాకా ఈల వేసేవాడు. ఒకే ఈల, ఎప్పుడూ అదే వరస. ఈల అయ్యేసరికి కత్తి ఆరేది. మామగారు ఏ మూల ఉన్నాడో ఆ ఈలని బట్టే అందరికీ తెలిసేది. కోడలికి ఈల రాదు. ఆమె మనసులోనే ఆ వరస పాడుకునేది.

అలా హాయిగా జరిగిపోతుండగా, వాగు ఇవతల నాటిన తెల్లబెరడు చెట్లకు ఏదో పట్టుకుంది. బెరడు గుంటలు పడి, నల్లటి జిగురు కారి, పైన కొమ్మలు వాడిపోతున్నాయి. వాగు దాటితే పాత అడవే, దానిలోనూ అంతా అదే జాతి. అక్కడికి పాకిందంటే ఇక ఆపేవాళ్లు లేరు. "ఇది నువ్వే చూడు. మూలం ఎక్కడుందో నువ్వే పట్టుకో" అన్నాడు మామగారు.

ఆమె పేరు జోలికి పోలేదు, చూసింది. పురుగు తెచ్చిందా అంటే పై కొమ్మల మీద ఒక్క పుండూ లేదు. నీళ్లు తెచ్చాయా అంటే పల్లపు చెట్లు నవనవలాడుతున్నాయి. రోగం వచ్చిన చెట్లన్నీ కాలిబాట పక్కనే ఉన్నాయి. పుండ్లన్నీ మనిషి గుండె ఎత్తులో, బాట వైపే ఉన్నాయి. ఇదేం విచిత్రమమ్మా అనుకుంటూ ఒక పుండు మీది జిగురు గీకి చూస్తే, కింద పాత గాటు కనిపించింది. రెండో చెట్టుకీ అంతే. మూడో చెట్టు చూశాక ఇక అనుమానం లేదు. రోగాన్ని చెట్టు నుంచి చెట్టుకి మోసింది కత్తి.

నేనే, అనుకుంది. ఏనాడో తుడవడం మరిచిపోయి ఉంటాను, తోటంతా నా చేతులతోనే తగలబెట్టుకున్నాను. ఆ రోజు అన్నం సహించలేదు. అత్తగారు ఒంట్లో బాగోలేదేమోనని నుదురు తాకి చూసి, వంటింట్లోకి వెళ్లి గిన్నెల మీద కోపం చూపించింది.

మర్నాడు మళ్లీ వెళ్లింది. ఆమె గాట్లు వేరే చెట్ల మీద ఉన్నాయి. శుభ్రంగా అంచులు కట్టుకుని మానిపోయాయి. అవన్నీ కుడి నుంచి ఎడమకి దిగే గాట్లు. పుండ్ల కింద ఉన్నవి ఎడమ నుంచి కుడికి దిగుతున్నాయి. అది ఎడమచేతి వాటం. ఆ ఆఫీసులో ఎడమచేత్తో కత్తి పట్టేది ఒక్కరే.

ఆమె బాట మీదే చతికిలబడింది. తప్పు తనది కాదని తేలితే గుండె తేలికపడాలి కదా? పడలేదు సరికదా, ఇంకా బరువెక్కింది. అప్పుడు తట్టిందామెకు, ఈ మధ్య అడవిలో ఈల వినిపించడం లేదని.

సాయంత్రం వంటింట్లో అత్తగారు కూరలు తరుగుతుంటే పక్కన కూర్చుంది. "అత్తయ్యా, మావయ్య ఈల వేసి ఎన్నాళ్లయింది?"

కత్తిపీట మీద ఆవిడ చేతిలో ముక్క అలాగే ఆగిపోయింది. "నువ్వూ కనిపెట్టావా?" అంది. "పొయ్యి వెలిగించి మర్చిపోతున్నారు. మొన్న బజారుకెళ్లి, ఎందుకొచ్చానో చెప్పమని కూరగాయలబ్బాయినే అడిగార్ట. వయసు కదా అని సరిపెట్టుకుంటున్నా." కళ్లు తుడుచుకుంది. "ఆయనకి చెప్పకే తల్లీ. ఆ కత్తి తీసేస్తే ఆ మనిషిలో ఇంకేం మిగుల్తుంది?"

"చెప్పకపోతే వాగు అవతల అడవి మిగలదత్తయ్యా" అంది కోడలు. అంటూ తనూ ఏడ్చింది. ఇద్దరూ తరిగిన ముక్కల ముందు కూర్చుని కాసేపు అలా ఏడ్చుకుని, ఆ తర్వాత కూర వండారు. తినేవాళ్లకి ఆకలి ఆగదు కదా.

మర్నాడు మామాకోడళ్లు ఇద్దరూ తోటకి వెళ్లారు. ఏం చెప్పాలో ఆమె దారంతా మనసులోనే కూర్చుకుంది. తను మొదలుపెట్టేలోపే ఆయన వాగు ఒడ్డున ఉన్న జబ్బు చెట్టు దగ్గర ఆగి, ఎడమచేత్తో గాటు పెట్టి, పొర ఎత్తాడు. "చూశావా, గోధుమరంగు చార" అని కత్తి పట్టుకునే పక్కనున్న మంచి చెట్టు వైపు నడిచాడు. భుజాన సంచిలో స్పిరిట్ సీసా మూత బిగించినది బిగించినట్టే ఉంది. కత్తి మొన బెరడుకి ఆనబోయింది.

"మావయ్యా" అంది ఆమె. "ఈల."

ఆయన చెయ్యి గాలిలో ఆగింది. కత్తి వైపు చూశాడు, దాని అంచున నల్లటి జిగురు. వెనకున్న చెట్టుని చూశాడు, దాని పక్కదాన్ని, దాని పక్కదాన్ని చూశాడు. బాట పొడుగునా ఒక్కో పుండు మీదా ఆయన చూపు ఆగి ఆగి వెళ్లింది. ఆయనకి ఎవరూ ఏమీ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

"అన్నీ నా ఎత్తులోనే ఉన్నాయి" అన్నాడు మెల్లగా.

"అవును మావయ్యా."

"ముందు నిన్ను నువ్వే అనుమానించుకుని ఉంటావు."

ఆమె తలూపింది. ఏడవకూడదనుకుంటూనే ఏడ్చేసింది.

"ఊరుకో అమ్మాయ్. బాగా చూశావు. నేనైనా ఇంతకన్నా బాగా చూసేవాణ్ణి కాదు." గుడ్డ తీసి, స్పిరిట్ పోసి, కత్తిని పిడి దాకా తుడిచి ఆమె చేతిలో పెట్టాడు. "ఆఫీసులో నేనే చెప్తాను. రోగం నా కత్తెక్కి తిరిగిందని." సీసా మూత బిగించి, "నన్నూ ఎవరికైనా చూపించాలి మరి. మీ అత్తకి చెప్పు. నన్ను చూసే డాక్టరుకీ చెప్పండి, ముందు చూడమనండి. పేరు తర్వాత చెప్పొచ్చు" అన్నాడు.

జబ్బు చెట్లన్నిటినీ కొట్టి అక్కడికక్కడే కాల్చేశారు. వాగు అవతల ఇంతవరకూ ఒక్క పుండూ కనిపించలేదు. మామగారికి వచ్చినదానికీ పేరు తెలిసింది, మందులూ మొదలయ్యాయి, కానీ తగ్గే రకం కాదన్నారు. అత్తగారు ఇప్పుడాయన్ని ఆడిపోసుకోవడం ఇంకాస్త పెంచింది. అది ఆవిడ ప్రేమ, ఆవిడకి అంతకన్నా తెలియదు.

కోడలు మాత్రం ఆయన్ని వెంటబెట్టుకుని అడవికి వెళ్తూనే ఉంది. ఆమె గాటు పెడుతుంది, చూస్తుంది, కత్తి తుడుస్తుంది. పక్కన రాతి మీద కూర్చుని ఆయన ఈల వేస్తాడు. ఒక్కోరోజు వరస సగంలో తెగిపోతుంది. ఆయన ఆకుల వైపు చూస్తూ ఉండిపోతాడు. కత్తి ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. అయినా ఆమె రెండో చెట్టు దగ్గరికి కదలదు. మిగతా సగం ఆయనకి గుర్తొచ్చేదాకా అలాగే నిలబడి ఉంటుంది.