కుంకుమరేఖ వెనుకకాలు

“ఆ రాతిమెట్లమీద దాని కాలు మడుచుకుపోతే నా బిడ్డ ఏమైపోతాడయ్యా?”

శరత్కాలప్రభాతమందు హిమబిందుసంసిక్తములైన ఱెల్లుపూవులనడుమ మల్లెగిరిదుర్గము బాలాతపారుణమై ప్రకాశించుచుండఁగా గుఱ్ఱపుసాలవాకిట నిలిచి ఓబుళమ్మ పెనిమిటితో నిట్లనెను. సంస్థానాశ్వశిక్షకుఁడగు కోనప్ప కుంకుమరేఖ యను ఆఁడుగుఱ్ఱమునకు జీను బిగించుచుండెను. ఆ విజయదశమినాఁడు వారి యేకపుత్త్రుఁడు తిప్పన దుర్గధ్వజమును చేఁబూని యా గుఱ్ఱముపై మున్నూఱు శిలాసోపానములను వడివడిగా దిగవలసియుండెను. వంశపరంపరాగతమైన యా గౌరవము తప్పెనేని గుఱ్ఱపుసాల పెత్తనము పరులపాలగును.

వేకువను సాలనుండి వెలువడునప్పుడు గుఱ్ఱము కుంటుటయు నాలుగుచుట్లు తిరిగినపిమ్మట ఆ కుంటు మాయమగుటయు ఓబుళమ్మ మాసములుగా కనిపెట్టుచునే యుండెను. ఇంటివారు దానిని నిద్రకుంటని నవ్వి సంస్థానపు అశ్వవైద్యుఁడు పరీక్షింప వచ్చులోపల చెమటపట్టునంతవఱకు గుఱ్ఱమును త్రిప్పుట యాచారముగా చేసికొనిరి. అయినను వెనుకకాలి కీలు లోపలితట్టున ఎముకమీఁద ఎముక మొలిచి రేగుకాయంతయై యామె వ్రేళ్లకు తగులుచుండెను. కొడుకు తుమ్మినను సన్నిపాతమని విలపించునట్టి యామె మాటను నమ్మువా రెవరు?

“నేను ఈత నేర్చేటప్పుడే నాకు మూడుమాట్లు దినాలు పెట్టినావు గదమ్మా! ఈ నాలుగోసారికన్నా వడలు బాగా చెయ్యి” అని తిప్పన పరిహసించెను.

“నవ్వుకోరా నాయనా. విసుర్రాతికాడ కాలు మడుచుకొని కూచుని లేస్తే నా మోకాలు ఎట్ల పట్టుకుంటాదో నాకే తెలుసు. దానికీ అంతే. కావాలంటే చూడు.”

తన్నెనేని ప్రాణము దక్కదని యెఱిఁగియు ఆ తల్లి గుఱ్ఱము వెనుకకుఁ బోయి మోఁకరిల్లి యా కాలిని పైకెత్తి ముడిచి తన వక్షమున కదుముకొని నూఱుమాఱులు హరినామము స్మరించునంతవఱకు విడువకుండెను. పిదప విడిచి “ఇప్పుడు పరిగెత్తించరా” అనెను. తిప్పన కళ్లెము పట్టి ముందునకు లాగెను. కుంకుమరేఖ బాధావివశయై యా కాలిని నేల మోపనేరక మూఁడుకాళ్లపై కుంటి కుంటి నిలిచిపోయెను. ఆ యువకుని మొగమున నవ్వు చచ్చెను.

దుర్గశిఖరమున పిలుపు నగారా మ్రోఁగెను.

ఓబుళమ్మ ధూళిధూసరితయై లేచి భర్తవైపు తిరిగి “నీకు తెలుసునా?” అని యడిగెను. కోనప్ప జీనుపట్టెడను పట్టుకొని మెట్లదారివైపు చూచెను. నగారా రెండవమాఱు మ్రోఁగి యాఁగెను. ఱెల్లుపూవులపై మంచు ఆఱిపోయెను. మెట్లదారిని జనము గుమిగూడి ధ్వజమునకై యెదురుచూచు కలకలము క్రమక్రమముగా హెచ్చుచుండెను. అప్పుడు కోనప్ప జీనుపట్టెడను విడిచెను.

“తెలుసు. ఉగాదికాడినుంచీ తెలుసు. కుంటిదని నా నోటితో చెప్తే దాన్నీ నన్నూ బయటికి తోస్తారని... జీను దించురా తిప్పా. దొరకు నేనే చెప్తాను.”