గంటల మామయ్య చెప్పాల్సిన మాట

ఆఖరి క్యారేజీకి మూత బిగించి, సెవ్దా తడి చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుంది. మునిసిపల్ వంటశాల కిటికీలకి చిక్కుడుగింజల పులుసు ఆవిరి పట్టేసి, అవతల డాన్యూబ్ నది ఉందో లేదో కూడా తెలియడం లేదు. రూసె ఊళ్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్లకి మధ్యాహ్నం భోజనం ఇక్కణ్ణుంచే వెళ్తుంది. నిండు క్యారేజీ ఇచ్చి, నిన్నటి ఖాళీది వెనక్కి తెచ్చుకోవడం సెవ్దా ఉద్యోగం. పొట్టి మనిషి, గట్టి పిక్కలు. మెట్లెక్కీ మెట్లెక్కీ మోకాళ్లు అరిగాయి, మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారింది. జుట్టుకి రంగు వేసుకోవడం ఎప్పుడో మానేసింది.

క్యారేజీలు వ్యానులోకి అందుకుంటూ డ్రైవరు మిన్చో అడిగాడు.

"సెవ్దక్కా, ఐదూ మూడూ ఎంత?"

"తొమ్మిది."

"నమిలెయ్ మేకా, నమిలెయ్!" అని మిన్చో పగలబడి నవ్వాడు. నిన్నా ఇంతే నవ్వాడు. రేపూ నవ్వుతాడు, వాడికి విసుగన్నది లేదు.

నడివయసు దాటిన బల్గేరియా వాళ్లెవరికీ ఈ మేక గురించి చెప్పక్కర్లేదు. టీవీలో ఒకే ఒక్క చానెల్ వచ్చే కాలంలో, ఆదివారం పొద్దున 'అటక మీద బడి' వచ్చేది. మువ్వల టోపీ పెట్టుకుని గంటల మామయ్య పిల్లలకి అంకెలూ అక్షరాలూ నేర్పేవాడు. ఎవరైనా తప్పు చెప్తే, పెట్టె వెనక నుంచి బొమ్మ మేక తల బయటపెట్టి ఆ తప్పుని నమిలి మింగేసేది. మేకకి ఆకలెయ్యాలంటే ఎవరో ఒకరు తప్పు చెప్పాలి కదా. ఆ ఒకరు సెవ్దా. రెండు జడలు, ముందు పన్ను ఊడిన నోరు, గట్టిగా "తొమ్మిది!" అనే గొంతు. దేశం దేశమంతా ఆ పిల్లని చూసి కడుపుబ్బ నవ్వింది.

అసలు సంగతి వేరు. పిల్లల్ని ఎంచుకునే రోజున అందరికంటే ముందు ఎనిమిది అని చెప్పింది సెవ్దానే. అందుకే ఆ పని ఆమె నెత్తిన పడింది. గంటల మామయ్య వేషం వేసే అనానీ ఆమెని పక్కకి పిలిచి చెప్పాడు. "తప్పు చెప్పాలంటే ముందు ఒప్పు తెలిసుండాలి తల్లీ. నీకు తెలుసు కాబట్టే నీకిస్తున్నాం. ఎప్పుడో ఒకరోజు టీవీలో నేనే అందరికీ చెప్తాలే."

ఆ 'ఎప్పుడో' రాకుండానే బతుకు గడిచిపోయింది. బడిలో లెక్కల టీచరు "నువ్వు కూర్చోవే, ఇక్కడ మేక లేదు" అనేది, పిల్లలు బల్లలు చరిచేవాళ్లు. కొన్నాళ్లకి సెవ్దా చెయ్యెత్తడమే మానేసింది. నది రేవులో సరుకుల గుమాస్తా ఉద్యోగానికి వెళ్తే, అక్కడి అధికారి ఐదూ మూడూ ఎంతని అడిగి తనే నవ్వేసి, క్యాంటీన్లో పాత్రలు కడిగే పని ఇచ్చాడు. తన పెళ్లి విందులో బాజావాడూ అదే అడిగాడు, పెళ్లికొడుకు అందరికంటే ఎక్కువ నవ్వాడు. నాకు తెలుసండీ, చెప్పమన్నారు కాబట్టి చెప్పాను అని ఆమె ఎంతమందికి చెప్పుకుందో. "అవునవును" అంటూ కన్నుకొట్టేవాళ్లు. ఆ కార్యక్రమం తీసిన దర్శకుడు పోయాడు, తతిమ్మా పిల్లలు తలో దిక్కూ అయ్యారు. నిజం తెలిసినవాడు అనానీ ఒక్కడే మిగిలాడు. భోజనం దారిలో ఆయన ఇల్లు ఆఖరిది.

'అటక మీద బడి'కి యాభై ఏళ్లు నిండుతున్నాయని ఇవాళ టీవీవాళ్లు ఆయన దగ్గరికి వస్తున్నారు. సెవ్దా అడక్కుండా ఉండలేకపోయింది. నిన్న ఫోన్లో టీవీ అమ్మాయిని బతిమాలుకుంది: "ఒక్క ప్రశ్న అడగమ్మా. సెవ్దాకి జవాబు తెలుసా అని అడుగు చాలు."

మొదటి వీధిలో యొర్దాంక ముసలమ్మ తలుపు తీస్తూనే మూత ఎత్తి వాసన చూసింది.

"మళ్లీ చిక్కుళ్లేనా? నన్ను గాలికి ఎగరగొట్టేద్దామనుకుంటున్నారా మీరంతా?"

"రేపు పాలకూర చారు, పిన్నీ."

"రేపటిదాకా నేనుండాలిగా. ఏమే, ఇవాళ నీ మొహం వెలిగిపోతోందేంటి?"

సెవ్దా సిగ్గుపడి ఖాళీ క్యారేజీ అందుకుంది. నిజమే, పొద్దున అద్దంలో తనకీ అలాగే అనిపించింది.

అనానీ వంటింట్లో లైట్ల స్తంభాలు నిలబెట్టి ఉన్నాయి. కుర్చీలో ఆయన, ఒకప్పటి ఎత్తరి, ఇప్పుడు చొక్కా కాలర్లో మెడ దొరకనంత బక్కమనిషి. గడ్డం ఎవరో హడావుడిగా గీసినట్టున్నారు, చెవి కింద తెల్ల వెంట్రుకలు వదిలేశారు. రెండేళ్లుగా మతి అటూ ఇటూ అవుతోంది. కొన్ని రోజులు సెవ్దాని పేరు పెట్టి పిలుస్తాడు, కొన్ని రోజులు నర్సు అంటాడు. ఇవాళ మంచిరోజు కావాలని ఆమె మెట్లెక్కుతున్నంతసేపూ వేడుకుంది.

"అయ్యో, మీరేనా తొమ్మిది!" టీవీ అమ్మాయి చేతులు రెండూ పట్టేసుకుంది. "మా అమ్మకి మీరంటే ప్రాణం పిన్నిగారూ!"

ఆయన పక్కనే కూర్చోబెట్టారు. అనానీ ఆమె వైపు తిరిగి చూశాడు. కళ్లల్లో మెల్లగా ఏదో వెలిగింది.

"సెవ్దా! జడలేవే?"

గుర్తుపట్టాడు. మంచిరోజే.

"గంటల మామయ్యా, సెవ్దా పిన్నికి అప్పట్లో జవాబు తెలుసా?" అని అమ్మాయి అడిగింది, మాట తప్పకుండా.

ఆయన పెదవి విరిచాడు.

"ఎక్కడమ్మా. పాపం, ఎంత చెప్పినా బుర్రకెక్కేది కాదు. బంగారం లాంటి పిల్ల, లెక్క మాత్రం రాదు." సెవ్దా చెయ్యి నిమిరాడు. "ఏం ఫర్వాలేదు తల్లీ, మళ్లీ చేద్దాం. ఐదూ మూడూ ఎంత?"

కెమెరా ఆమె మీదికి తిరిగింది.

"ఎనిమిది, మామయ్యా."

ఎవరూ నవ్వలేదు. అనానీ ఆమె మొహంలోకి చూశాడు, బల్ల కిందికి చూశాడు, మేక కోసమే కాబోలు.

"ఈవిడ ఆ పిల్ల కాదు. ఎవరీవిడ? నా పిల్లలేరి? పిల్లల్ని ఏం చేశారర్రా?" కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, లేవలేక ఏడవడం మొదలుపెట్టాడు. పసివాడి ఏడుపు అది, దాచుకోవడం తెలియని ఏడుపు.

తెలిసిన ఒక్కడూ మరిచిపోయాడు. ఇక లోకంలో ఆ పిల్ల లెక్క రాని పిల్లే. సెవ్దాకి ఆ క్షణంలో ఎవరి మీదా కోపం రాలేదు, ఒళ్లంతా నీరసం ముంచుకొచ్చింది. ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"తొమ్మిది, మామయ్యా! తొమ్మిది!"

ఏడుపు ఆగింది. ఆయన మొహం విచ్చుకుంది. "నమిలెయ్ మేకా!" అని చప్పట్లు కొట్టాడు, కెమెరా పట్టుకున్నవాడూ నవ్వాడు. టీవీ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ, ఇంత అందమైన ముక్క దొరుకుతుందనుకోలేదు పిన్నిగారూ అంది.

వాళ్లు లైట్లు విప్పుతుంటే సెవ్దా పులుసు వేడిచేసి తినిపించింది, మూతి తుడిచింది, మోకాళ్ల మీద దుప్పటి కప్పింది. అలసిపోయిన ఆయన నిద్రలోకి జారుకున్నాడు. ఖాళీ క్యారేజీ తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి దిగింది.

మర్నాడు వంటశాలలో ఆయన క్యారేజీ నింపలేదు. ముందురోజు సాయంత్రం మేనల్లుడు వచ్చేసరికి ఆయన కుర్చీలోనే ఉన్నాడట, నిద్రపోతున్నాడనే అనుకున్నాడట. మిన్చో ఆరోజు ఏమీ అడగలేదు. ఆదివారం టీవీలో ఆ కార్యక్రమం వచ్చింది. ఆమె చెప్పిన ఎనిమిదిని కోసేశారు. సోమవారం మిన్చో మళ్లీ అడిగాడు, సెవ్దా తొమ్మిది అంది.

ఆ ఊరి అలవాటు ప్రకారం, పోయినాయన ఇంటి తలుపుకి మేనల్లుడు నల్లంచు చావుకబురు కాగితం అంటించాడు. ఆయన నవ్వుతున్న ఫొటో ఇంకోటి దొరకలేదేమో, టీవీ బడి నాటిదే వేయించి, పక్కనున్నవాళ్లని కత్తిరించేశాడు. కత్తెర ఒకచోట సరిగ్గా పడలేదు. వానకి తడిసి ఉబ్బిన ఆ కాగితంలో, మువ్వల టోపీ పెట్టుకున్న మనిషి భుజం మీద, కుచ్చుల చొక్కాచేతి అంచు దాకా, ఎవరో చిన్నపిల్ల చెయ్యి ఉండిపోయింది.